నలభై కేజీల మనవరాలు

కార్తీకమాసం ముగిసిన మరుసటి ఆదివారం, ఉదయం ఏడున్నర గంటలకు, ప్రొద్దుటూరులో మా వీధి చివరనున్న గుజిరీ అంగడిలో నా మనవరాలిని కాటా మీద కూర్చోబెట్టాను. పాత పేపర్లు, తుప్పు పట్టిన ఇనుము, సొట్టలు పోయిన బిందెలు కొనే అంగడి అది. పిల్ల రేకు మీద బాసింపట్టు వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఊపిరి వదలమన్నాను, దానికి బరువుండదని చెప్పాను. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఎగిరి ముప్పై రెండు దగ్గర నిలిచాయి.

ముందు రోజు సాయంత్రం బడిలో ఆటలు నేర్పే సారు మా ఇంటికి వచ్చాడు. పులివెందులలో ఆడపిల్లలకు ఒక ఆటల హాస్టల్ ఉందట. చదువు, బస, తిండి, కబడ్డీ శిక్షణ అన్నీ వాళ్ళే చూసుకుంటారట. ఏప్రిల్ రెండో ఆదివారం ఎంపిక. మా పిల్లకు పదమూడేళ్ళు. కూతకు వెళితే పట్టడం పెద్ద పిల్లలకు కూడా చేతకావడం లేదని, ఇలాంటి కాళ్ళు తాను చూడలేదని సారు చెప్పాడు. కాకపోతే ఒక్కటే అడ్డు. నలభై కేజీలకు తక్కువున్న పిల్లను అక్కడ మైదానంలోకే దిగనివ్వరు. నలుగురు మీద పడి పట్టినప్పుడు ఎముకలు విరుగుతాయని వాళ్ళ భయం. రోజుకు రెండు గుడ్లు, అర లీటరు పాలు, బాదంపప్పు, వారానికి రెండుసార్లు మాంసం, వీలైతే బలం పొడి డబ్బా ఒకటి అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

నా కొడుకు బట్టల అంగడిలో చీరలు మడతపెట్టే పని చేస్తాడు. కోడలు ఇంట్లో రవికలు కుడుతుంది. ఒకటో తేదీన ఇంటి అద్దె, కరెంటు, గ్యాసు పోగా నలుగురి తిండికి నా చేతిలో ఐదు వేల ఐదు వందలు పెడతాడు. సారు చెప్పిన వాటికే మూడున్నర వేలు అవుతుందని నేను నోటితో అనకముందే వాడు మనసులో లెక్కవేసుకున్నాడు. ముఖం చూస్తే తెలిసింది. పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. రోజూ రాత్రి ఒక ముద్ద సంగటి తినేది, ఆ రాత్రి రెండో ముద్ద పెట్టమంది. తినలేక తిన్నది. అది చూశాక నేను పక్క గదిలోకి పోయి రుమాలుతో ముక్కు తుడుచుకుని వచ్చాను.

కోడలు ఆ డబ్బా అయినా కొందామంది.

"అత్తా, నా కుట్టుకూలి దుడ్లు ఉండాయి. ఒక డబ్బా తెద్దాం."

"ఎంతంట?"

"రెండు వేల రెండు నూర్లు."

"ఆ దుడ్లకు నాలుగు నెలల శెనక్కాయలొస్తాయి. పొడి తాగి పిల్ల లావైతాదో లేదో గానీ, డబ్బా అమ్మేటోడు మాత్రం అయితాడు."

"నువ్వు జొన్నరొట్టెలు పెట్టి నలభై చేస్తావా?"

"చేస్తా. చూస్తాండు."

అన్నాను గానీ, అప్పటికి ఎలా చేయాలో నాకు తెలియదు. ముందు తూకం తెలియాలి అనుకున్నాను. అందుకే మరునాడు గుజిరీ అంగడికి వెళ్ళాను. మందుల షాపులో మనుషుల్ని తూచే కాటా ఉంది గానీ ఊరికే ఎక్కిస్తే వాళ్ళు ముఖం అదోలా పెడతారు, ఏదో ఒక గోళీ కొనాల్సి వస్తుంది. ఈ అంగడైతే దగ్గరే, పైగా ఉచితం. ఇక ప్రతి ఆదివారం అదే వేళకు, అదే పసుపు గౌనులో, ఏమీ తినకముందే తూకం. పిల్ల తర్వాత నేనూ ఎక్కాను. నలభై తొమ్మిది. అంగడతను బీడీ పక్కకు తీసి, "ఏం అవ్వా, పిల్లను కేజీ ఎంతకిస్తావు?" అన్నాడు. నీ అంగడి అమ్మినా చాలదు పో అప్పా అని చెప్పి వచ్చాను.

మొదటి నిర్ణయం, ఒక ఇంట్లో రెండు వంటలు ఉండవు. పిల్లకు ఏది వండితే అదే అందరికీ. కూతురు గుడ్డు తింటుంటే తండ్రి చారునీళ్ళు తాగే ఇంట్లో పిల్లకు తిన్నది వంటబట్టదు.

రెండోది, అంగడి ధరకు ఏదీ కొనకూడదు.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా ఆడబిడ్డ ఉంది. వాళ్ళది నల్లరేగడి భూమి. జొన్నలు, కందులు, శనగలు పండుతాయి. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది గానీ మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేదు. మా వైపు కందుల్ని అలాగే పప్పు చేయం. ఎర్రమన్ను నీళ్ళలో కలిపి కందులకు పట్టించి, ఒక రాత్రి ఉంచి, రెండు మూడు ఎండలు కాయనిచ్చి, అప్పుడు విసుర్రాయిలో విసురుతాం. పొట్టు చక్కగా ఊడుతుంది, పప్పు తియ్యగా ఉడుకుతుంది. మిల్లు పప్పుకు ఆ రుచి రాదు. అందుకే అలాంటి పప్పుకు ధర ఎక్కువ, చేసేవాళ్ళు తక్కువ. నేను వచ్చి చేసిపెడతాను, ఆరింట ఒక వంతు నాకిమ్మని ఆడబిడ్డను అడిగాను. ఎనిమిదింట ఒకటి అంది. ఏడింట ఒకటికి ఒప్పుకున్నాం. ఇద్దరం సంతోషంగానే ఉన్నాం, ఎందుకంటే ఇద్దరం ముందే ఏడు అనుకునే మాట్లాడాం.

కందుల కాలం అంతా వారానికి రెండు రోజులు అక్కడే. పెరట్లో విసుర్రాయికి అటువైపు పక్కింటామె, ఇటువైపు నేను. ఆడబిడ్డ మంచం మీద కూర్చుని చాట పట్టుకుని మా ఇద్దరినీ అదిలించేది. మా ఆయన చిన్నప్పుడు కందిపప్పు పచ్చిది దొంగిలించి తిని కడుపునొప్పితో దొర్లిన కథ ప్రతిసారీ చెప్పింది. ప్రతిసారీ నవ్వాను. ఏడో వంతు పప్పు కాక, జొన్నలు, తర్వాత శనగలు కళ్ళంలో ధరకు కొలిచి ఇచ్చింది.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్ తీసేశాక నాకు పోను రాను ఖర్చు లేదు. మూటలకే తంటా వచ్చింది. ఒకసారి జొన్నల మూట, పప్పు మూట, చిన్నది శనగల సంచి ఎక్కించాను. కండక్టరు వచ్చి వాటి చుట్టూ తిరిగాడు.

"అవ్వా, నీకు టికెట్ లేదు సరే. నీ మూటలు కూడా ఆడోళ్ళేనా?"

"చిన్నది పిల్లప్పా. ఒళ్ళో పెట్టుకుంటా."

"పెద్దవి?"

"వాటికి కొట్టు. ఒకదానికి కొట్టు, రెండోది దానికి చెల్లెలు."

బస్సంతా నవ్వింది. ఒకదానికే కొట్టాడు.

గుడ్ల సంగతి ఇంకోలా తేలింది. గుడ్ల మండీలో పొద్దున్నే అట్టలు దించేటప్పుడు కొన్ని చిట్లుతాయి. లోపలి పొర చెదరకుండా పైన గీత పడినవి. వాటిని ఎవరూ కొనరు, ఆరింటికల్లా వెళితే సగం ధర. ఇంటికి తెచ్చిన వెంటనే ఉడకబెట్టాలి, రేపటికి ఉంచకూడదు. మేడ మీద నా పెట్టలు రెండు ఉండనే ఉన్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి చుక్కలది. కోడి మాంసం అంగడిలో కార్జం, కందనకాయ మాంసంలో సగం ధరకు వస్తాయి. రేషన్ స్టోరు బియ్యం అన్నానికి బాగుండదు గానీ నాలుగు మెంతులు, గుప్పెడు మినుములు వేసి నానబెట్టి రుబ్బితే దోసెకు అంతకన్నా మంచి బియ్యం లేదు. రైతుబజారులో రాత్రి మూసేముందు ఆకుకూరలు కట్ట ధరకు రెండు కట్టలు ఇస్తారు. పాలు మాత్రం తగ్గించి కొనే దారి దొరకలేదు. ఇంట్లో మా ముగ్గురి టీ రోజుకు ఒకసారి చేసి, ఆ పాలు పిల్ల గ్లాసులో పోశాను.

ఈ మాటలు ఇలా చెబితే ఏదో కరువు కాలం అనిపిస్తుంది. నిజానికి మా ఇంట్లో అంత బాగా ఎన్నడూ తినలేదు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె, మీద వేరుశనగల ఊరిబిండి, పక్కన గుడ్డు. బడికి వేయించిన వేరుశనగలు, బెల్లం కలిపి దంచిన ముద్ద. మధ్యాహ్నం ఎర్రమన్ను పట్టించి విసిరిన పప్పు, గోంగూర. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు. రాత్రి సంగటి, ఉలవచారు. ఆదివారం అయితే కార్జం వేపుడు. మా వాడు అంగడి నుంచి మధ్యాహ్నం ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కడే ఏదో బన్ను తిని ఉండేవాడు. నెల తిరిగేసరికి చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. "లావు కావల్సింది నువ్వు కాదప్పా" అని కోడలు వాడి కంచంలోంచి ఒక రొట్టె తీసి పిల్ల కంచంలో వేసేది. పిల్ల దాన్ని సగం చేసి సగం తిరిగి వేసేది.

ఆ నెల చివర చేతిలో నలభై రూపాయలు మిగిలాయి. రెండో నెల చివర నూటపది.

పిల్ల బరువు వీధికంతా తెలిసింది. గుజిరీ అంగడతను దాచుకునే మనిషి కాదు. ఆదివారం తూకం అయి ఇంటికి వచ్చేలోపు కూరగాయలామె, ఇస్త్రీ బండి ఆయన, ఎదురింటి టైలరు అందరూ అడిగేవాళ్ళు. ముప్పై మూడున్నర అంటే తలలూపేవాళ్ళు. ముప్పై ఐదు అయిన రోజు కూరగాయలామె పిల్ల చేతిలో రెండు క్యారెట్లు పెట్టింది. ఎదురింటి టైలరు వాళ్ళది ముస్లిం కుటుంబం. రంజాన్ నెలలో సాయంత్రం ఆయన భార్య పిల్లకు గిన్నెడు గంజి పంపేది. గిన్నె వట్టిగా తిప్పి పంపడం మర్యాద కాదని నేను గుగ్గిళ్ళు పంపేదాన్ని. ముప్పై ఆరున్నర. ఉగాదికి ముప్పై ఏడున్నర.

ఉగాది తర్వాత అంకె కదలడం మానేసింది.

మరుసటి ఆదివారం ముప్పై ఏడున్నర. ఇక ఎంపికకు మిగిలింది రెండు వారాలు. నేను పెట్టేది పెడుతూనే ఉన్నాను, పిల్ల తినేది తింటూనే ఉంది. ఎండలు ముదిరాయి, సాయంత్రం రెండు గంటలు మైదానంలో పరుగెత్తి చెమటతో వచ్చేది. నేను పెట్టింది అంతా అక్కడ కారిపోతోందని పరుగు ఆపమన్నాను. కోడలు ఒప్పుకోలేదు. పరుగెత్తకుండా అక్కడికి పోయి కూర్చుని తింటాదా అని అడిగింది. ఇద్దరం ఒక పూట మాట్లాడుకోలేదు. పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని, "నేను తినేది కూడా ఆపల్లనా, కొట్లాట అయిపోయినాక తినల్లనా?" అని అడిగితే ఇద్దరికీ నవ్వొచ్చి మాటలు కలిశాయి.

ఎంపిక వారంలో బుధవారం పొద్దున నేనే మేడెక్కి పెట్టలు రెంటినీ దించాను. వారానికి చెరి నాలుగు గుడ్లు పెట్టేవి. అయినా గుడ్డులో ఉన్న బరువెంత, కోడిలో ఉన్న బరువెంత అని లెక్క వేశాను. ఒకటి బుధవారం, ఒకటి శుక్రవారం. పిల్ల కంచం ముందు కూర్చుని ముక్కను తిప్పి చూసింది.

"అవ్వా, ఇది ఎర్రదా, చుక్కలదా?"

"తిను, తిన్నాక చెబుతా."

తిన్నది. ఎర్రది అని చెప్పాను. చాలాసేపు నీళ్ళు తాగుతూ కూర్చుంది. శుక్రవారం అడగలేదు.

ఎంపికకు ముందు రోజు, శనివారం, చివరి తూకం వేయించాను. ముప్పై ఎనిమిది. అంగడతను కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు. ఇంటికి నడిచేటప్పుడు పిల్ల నా చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు పోతాలే అవ్వా" అంది. అక్కడ ఎనిమిదో తరగతిలోకి తప్ప తీసుకోరని, వచ్చే ఏటికి అది దాటిపోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

రెండు కేజీలు. ఆ రాత్రి పడుకోకముందే దారి తోచింది. నీళ్ళు లీటరుకు కేజీ. అరటిపండు ఒకటి నూరు గ్రాములు. పులివెందుల అంటేనే అరటి తోటలు, అక్కడ బస్టాండులో పళ్ళకు ధర లేదు. కాటా ఎక్కేముందు పిల్ల కడుపులో రెండుంబావు కేజీలు ఉంటే చాలు. కోడలికి చెప్పాను. ఇది న్యాయమేనా అని అడిగింది. పిల్ల కడుపులో ఉన్నది పిల్ల బరువే అన్నాను.

పొద్దున మొదటి బస్సుకు ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాం. హాస్టల్ గేటు ముందు చింతచెట్టు నీడలో పిల్లను కూర్చోబెట్టి, నేను ఒలిచి ఇస్తుంటే కోడలు గ్లాసుతో నీళ్ళు అందించింది. ఎనిమిది పళ్ళు, ఒకటిన్నర లీటరు. తొమ్మిదో పండు చూసి పిల్ల తల అడ్డంగా ఊపింది. లెక్క ప్రకారం నలభై పైన మూడు వందల గ్రాములు. చాలు అన్నాను.

లోపల ఒక మేడమ్ మెడలో విజిలు వేసుకుని కాటా పక్కన నిలబడింది. పిల్ల ఎక్కింది. మేడమ్ పక్కనున్న ఆమెకు చెప్పింది, నలభై మూడున్నర.

నాకు ఆ అంకె మింగుడుపడలేదు.

"ఇంగోసారి తూచమ్మా. నీ కాటా తప్పు చూపిస్తాంది."

కోడలు నా నడుము గిచ్చింది. మేడమ్ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏం అవ్వా, నీ మనవరాలికి సీటు వద్దా?"

"సీటు కావల్ల. తూకం కూడా సరిగ్గా ఉండల్ల. మా పిల్ల ముప్పై ఎనిమిది. నీళ్ళు, పళ్ళు..."

అంతవరకు వచ్చాక కోడలు నా మాటకు అడ్డం పడి, మా అత్తకు ఎండ తగిలిందని చెప్పింది. మేడమ్ నవ్వి, కాటా కొత్తదని, అనుమానముంటే నన్నే ఎక్కి చూసుకోమంది. ఎక్కాను. యాభై. నిన్న గుజిరీ అంగడిలో పిల్ల తర్వాత నేనూ ఎక్కితే నలభై ఆరు.

అప్పుడు అర్థమైంది. ఆ కాటా అమ్మేవాడిది కాదు, కొనేవాడిది. పాత పేపర్లు తక్కువ తూగితేనే అతనికి లాభం. కేజీకి ఎనభై గ్రాములు మింగుతున్న కాటా మీద నాలుగు నెలలకు పైగా నా మనవరాలిని తూచాను. పిల్ల ఆ ఉదయం బస్సు దిగేసరికే నలభై ఒకటి దాటి ఉంది. ఉగాదికి ముందే నలభైకి చేరి ఉండాలి.

ఆ సంతోషం నాకు నిండా నిమిషం కూడా నిలవలేదు. మేడమ్ విజిలు ఊది, తూగిన పిల్లలంతా మైదానంలోకి రమ్మంది.

మా పిల్ల నడిచి వెళుతుంటే లోపల నీళ్ళు కదిలే చప్పుడు నాకు వినిపించినట్టే అనిపించింది. మొదటి కూతకు వెళ్ళింది. గీత దాటి మూడు అడుగులు వేసిందో లేదో ఇద్దరు నడుము పట్టి కూలేశారు. రెండోసారి వెళ్ళి, మధ్యలో ఊపిరి ఆడక కూత ఆపేసింది. మేడమ్ చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది. కోడలు నా వైపు ఒకసారి చూసి, గ్లాసులో మిగిలిన నీళ్ళు నేల మీద పారబోసింది.

పిల్ల మేడమ్ దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది. మేడమ్ రెండు వేళ్ళు చూపింది, రెండు నిమిషాలని. పిల్ల గోడ వెనక్కి పరుగెత్తింది. మేము లేచి వెళ్ళేలోపే మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చింది. ముఖం కడుక్కుంది, జడ గట్టిగా ముడి వేసుకుంది. మా వైపు చూడలేదు.

మూడో కూతకు వెళ్ళినప్పుడు, సారు మా ఇంట్లో చెప్పిన కాళ్ళేమిటో మొదటిసారి చూశాను. నాలుగు నెలలుగా ఆ కాళ్ళకు తిండి పెట్టాను గానీ అవి ఆడుతుంటే ఎన్నడూ చూడలేదు. ఎడమ మూలకు పోయినట్టే పోయి కుడికి తిరిగి, ఒకామెను తాకి, వెనక నుంచి పట్టబోయిన ఇంకో పిల్ల చేతుల కిందుగా జారి గీత మీద పడింది. అవతల పిల్లలు ఆమెకన్నా తలపొడుగు ఎక్కువ. దాని తర్వాత పట్టే వంతు వచ్చినప్పుడు వంగి కూర్చుని, తనకు ఒకటిన్నర రెట్లున్న పిల్ల మడమ పట్టుకుని వదల్లేదు. ఈడ్చుకుపోతున్నా వదల్లేదు. కోడలు చెప్పులు విడిచి నేల మీద నిలబడి అరుస్తోంది. నేను ఎన్నో ఏళ్ళ తర్వాత రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.

రెండు గంటలకు పేర్లు చదివారు. పన్నెండు మందిలో మా పిల్లది ఏడోది.

తిరుగు బస్సులో ముద్దనూరు దాకా పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అక్కడ లేచి, "అవ్వా, ఆకలైతాంది" అంది. ముగ్గురం దిగి బస్టాండు పక్కన బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అంగడి ధరకే కొన్నాను, బేరం చేయలేదు. పిల్ల రెండు ప్లేట్లు తింది. ఆ నెల లెక్కలో అవి లేవు, రాయనూ లేదు.

మరునాడు గుజిరీ అంగడికి వెళ్ళి అడిగాను. అతను సిగ్గుపడలేదు, దాచనూ లేదు.

"నా కాటా మీద పిల్లల్ని తూచమని నేను చెప్పినానా అవ్వా?"

"పేపర్లు తూచినావు గదప్పా. పదకొండేండ్ల నుంచి వేస్తాండా నీకు."

కేజీకి ఎనభై గ్రాముల లెక్కన ఎంతైందో అక్కడే నిలబడి చెప్పాను. అతను కాసేపు తల గోక్కుని, లోపలికి పోయి పాత ఇనుములోంచి ఒక దళసరి పెనం తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండు రోజులు చింతపండు వేసి తోమితే తుప్పు పోయింది. దాని మీద జొన్నరొట్టె బాగా పొంగుతుంది. సీటు వచ్చిందని విని అతను వీధికంతా టీ పోయించాడు. తన కాటా వల్లే పిల్ల నలభై దాటి ఇంకా ఎక్కువ తిన్నదని అందరికీ చెప్పుకున్నాడు. అది అబద్ధమని కూడా అనలేను.

జూన్‌లో పిల్లను హాస్టల్‌లో దింపి వచ్చాం. అక్కడ రోజుకు రెండు గుడ్లు పెడతారు, చిట్లనివి.

ఈ పనిలో పోయినవి ఇవి. గుడ్లు పెట్టే పెట్టలు రెండు, అనవసరంగా. నా ఒంటి మీది బరువు మూడుంబావు కేజీలు, సరైన కాటా లెక్కన. అరటిపళ్ళు ఎనిమిది, పులివెందుల గోడ వెనక. లెక్కలో నేను తప్పనని కోడలికి ఉన్న నమ్మకం. జూన్ నుంచి ఇంట్లో వేసే కంచాల్లో ఒకటి. నీళ్ళు తాగించిన స్టీలు గ్లాసు, ముద్దనూరు బస్సులో.